వ్యష్టి నుండి సమష్టి: సంక్లిష్ట వ్యవస్థల శాస్త్ర చరిత్ర

తమలపాకు పచ్చన, సున్నము తెల్లన, వక్క గోధుమవన్నె. ఈ మూడింటిలో ఏ యొక్కదానియందును ఎఱుపు లేదు. మూడును కలిపి నమిలినప్పుడు మాత్రము నోరు పండును. విడివిడిగ దేనియందును లేని ఎఱుపు కలయికలో ఎచ్చటినుండి వచ్చినది? ఈ ప్రశ్న భారతదేశమున మిక్కిలి ప్రాచీనమైనది. భూతముల కలయికవలననే చైతన్యము పుట్టునని వాదించిన చార్వాకులు తాంబూలపు ఎఱుపును, పులిసిన పదార్థములయందు కలుగు మాదకశక్తిని దృష్టాంతములుగ చూపిరని వారి మతము నంగీకరింపనివారి గ్రంథములే తెలుపుచున్నవి. శంకరుల పేర వెలసిన సర్వసిద్ధాంత సంగ్రహమున మొదటి దృష్టాంతమును, 14వ శతాబ్దమున మాధవాచార్యుడు రచించిన సర్వదర్శన సంగ్రహమున రెండవదియు కానవచ్చును. నైయాయికులు మఱియొక మార్గమున, దారములకంటె వస్త్రము వేఱని, అవయవములకంటె అవయవి వేఱని సిద్ధాంతీకరించిరి. వాదములు భిన్నములైనను ప్రశ్న యొక్కటే: భాగములయందు లేనిది మొత్తమునందు ఎట్లు కలుగును?

ఆధునిక విజ్ఞానమున ఈ ప్రశ్నకు సంబంధించిన శాఖను సంక్లిష్ట వ్యవస్థల శాస్త్రమందురు. భాగముల పరస్పర సంబంధమువలన మొత్తమునందు క్రొత్తగ పొడసూపు గుణమును ఆంగ్లమున ఎమర్జెన్స్ అని పిలుతురు, తెలుగున ఆవిర్భావమనవచ్చును. అనేక భాగములున్నంత మాత్రమున ఏ వస్తువును సంక్లిష్ట వ్యవస్థ కాజాలదు. గడియారమున ఎన్నియో చక్రములున్నవి. ప్రతి చక్రము పనియు తెలిసినచో గడియారము పని తెలియును. ప్రతి చక్రమును దాని చోట నిలిపిన శిల్పి యొకడు కలడు. సంక్లిష్ట వ్యవస్థయందట్టి శిల్పి లేడు. ప్రతి భాగమును తన యిరుగుపొరుగును మాత్రమే యెఱిగి మెలగును. అయినను మొత్తమునం దొక క్రమ మేర్పడును. ఈ భావము శాస్త్రలోకమున ఏ మార్గమున స్థిరపడినదో, అది పరభాషా ప్రాంతములందు తరతరములుగ నివసించుచున్న తెలుగువారి భాషాస్థితిని గూర్చి ఏమి తెలుపగలదో విచారించుట యిచ్చట ఉద్దేశింపబడినది.

చెదపుట్ట రహస్యము

దక్షిణ భారతమున చెదలను శాస్త్రీయముగ మొట్టమొదట పరిశీలించినవారిలో యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ ఒకడు. ఇతడు ప్రఖ్యాత వృక్షశాస్త్రజ్ఞుడగు లినేయసునకు శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషనుకు వైద్యుడుగ వచ్చెను. తంజావూరు సీమలో తాను చూచిన చెదలను గూర్చి 1779లో జర్మను భాషలో ఒక వ్యాసము ప్రకటించెను. తెలుగుదేశముతోడను ఇతనికి సంబంధము కలదు: 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున ఇతడు కాలధర్మము నొందెను. 1781లో హెన్రీ స్మీత్‌మన్ ఆఫ్రికాఖండపు చెదపుట్టలను వర్ణించి లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటింపగా, ఐరోపీయులు ఆ కట్టడములను చూచి విస్మయము చెందిరి.

ఆ విస్మయమునకు కారణము లేకపోలేదు. చెదలలో పనివాండ్రు సామాన్యముగ గ్రుడ్డివి. ఒక్కొక్కటియు బియ్యపుగింజంత ప్రాణి. అట్టివి లక్షలాదిగ కూడి, మనుష్య ప్రమాణమునకు మించిన పుట్టను, అందు గదులను, గాలి మార్గములను నిర్మించును. పుట్టలో రాణియున్నది కదా, ఆమె యాజ్ఞ నడచుచుండునేమో అని తొలుత తలచుట సహజము. కాని రాణి పని గ్రుడ్లు పెట్టుటయే. ఎచ్చట గోడ లేపవలెనో ఆమె చెప్పదు. పుట్ట నమూనా ఏ చెద తలలోను లేదు.

1959లో ఫ్రాన్సు దేశపు జంతుశాస్త్రజ్ఞుడు పియెర్ పాల్ గ్రాసే ఈ చిక్కునకు ఒక సమాధానము సూచించెను. చెదలు ఒకదానికొకటి ఆజ్ఞ లిచ్చుకొనవు. చేసిన పనియే తరువాతి పనికి ప్రేరణ మగును. ఒక చెద మంటి ముద్ద నొకచోట పెట్టును. ఆ ముద్ద ఉన్నచోటనే మఱియొక చెద తన ముద్దను పెట్టుటకు మొగ్గు చూపును. ముద్దలు పెరిగినకొలది ఆ మొగ్గును పెరుగును. ఆ విధముగ స్తంభములు లేచును. సమీప స్తంభముల శిరస్సులు కలిసి కమాను లేర్పడును. ఈ విధానమునకు గ్రాసే స్టిగ్మెర్జీ అని పేరిడెను. చెదలను ఆ మంటి ముద్దవైపు నడపునది వాసనయా, తేమయా, గోడ వంపా అను చర్చ నేటికిని తెగలేదు. కాని మూలసూత్రము నిలిచినది: యజమాని లేకయే కట్టడము లేచును, ఎవరు చేసిన పని వారికంటె పొరుగువారిపైననే ఫలము చూపును.

ఒక పదము పుట్టుక, పతనము, పునరుద్ధరణము

ఐరోపాలో ఈ భావమునకు తర్కశాస్త్రము మొదటి చోటిచ్చెను. 1843లో జాన్ స్టూవర్ట్ మిల్ తన తర్కశాస్త్ర గ్రంథమున కారణముల కలయిక రెండు విధములని చెప్పెను. రెండు బలములు ఒక వస్తువును లాగినచో ఫలము ఆ రెంటి కూడిక. ఇది యంత్రశాస్త్ర రీతి. కాని ఆమ్లజని, ఉదజని కలిసి నీరైనప్పుడు నీటి గుణములు ఆ రెండు వాయువుల గుణముల కూడిక కావు. ఇది రసాయన రీతి. ఈ రెండవ రీతి ఫలమునకు 1875లో జార్జి హెన్రీ లూయిస్ ఎమర్జెంట్ అను పేరు పెట్టెను. 1923లో లాయిడ్ మోర్గన్, 1925లో సి. డి. బ్రాడ్ ఈ పదమును జీవపరిణామమునకు, మనస్తత్త్వమునకు అన్వయించి గ్రంథములు వెలువరించిరి.

ఇంతలో ఎదురుగాలి వీచెను. 1927లో హైట్లర్, లండన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు నూతన క్వాంటం సిద్ధాంతముతో ఉదజని యణువునందలి బంధమును లెక్కకట్టి చూపిరి. రసాయన సంయోగము విడదీసి వివరింప శక్యము కానిదను మాట అప్పటినుండి బలహీనపడెను. ప్రతి వస్తువును మిక్కిలి చిన్న భాగములుగ విడదీసినచో సర్వమును తెలియునను విశ్వాసము ప్రబలెను. ఆవిర్భావమను మాట శాస్త్రజ్ఞుల నోట చాలకాలము వినబడలేదు.

పునరుద్ధరణము రెండు చిన్న వ్యాసములతో మొదలైనది. 1948లో వారెన్ వీవర్ అను అమెరికా గణితజ్ఞుడు శాస్త్ర సమస్యలను మూడుగ విభజించెను. రెండు మూడు రాశులతో తేలు సరళ సమస్యలు మొదటివి. కోట్లకొలది అణువులున్న వాయువువలె, సగటులతో తేలునవి రెండవవి. ఈ రెంటి నడుమ, రాశులు అనేకములై ఒకదానితో నొకటి అల్లుకొనియున్న సమస్యలు మూడవవి. జీవము, నగరము, వర్తకము ఈ తరగతికి చెందును. వీటిని సాధించు పద్ధతులు ఇంకను ఏర్పడలేదని వీవర్ హెచ్చరించెను. 1972లో భౌతికశాస్త్రజ్ఞుడు ఫిలిప్ ఆండర్సన్, సంఖ్య అధికమైనప్పుడు స్వభావమే మాఱునను అర్థము వచ్చు పేరుతో మఱియొక వ్యాసము వ్రాసెను. వస్తువులను మూలసూత్రములుగ విడదీయగలిగినంతమాత్రమున ఆ సూత్రములనుండి ప్రపంచమును తిరిగి నిర్మింపగలమని కాదనియు, ప్రతి అంతస్తునకు దాని నియమములు దానికి కలవనియు ఆయన వాదించెను. 1984లో అమెరికాలోని శాంటా ఫే నగరమున ఈ శాస్త్రమునకే ప్రత్యేకముగ ఒక పరిశోధనాసంస్థ నెలకొనెను.

వానగాలుల లెక్క

ఈ చరిత్రలో భారతదేశమునకు ముఖ్యమైన స్థానము కలదు. 1899లో వానలు తప్పి దేశమున ఘోరమైన కఱవు సంభవించెను. వానలను ముందుగ చెప్పు విద్య అత్యవసరమని ప్రభుత్వము గుర్తించిన ఆ దినములలో, 1904లో, కేంబ్రిడ్జి గణితజ్ఞుడగు గిల్బర్ట్ వాకర్ భారత వాతావరణ శాఖకు అధిపతిగ వచ్చెను. కారణములను ఊహించుటకంటె ముందు సంబంధములను లెక్కించుట మేలని ఆయన తలచెను. భూగోళమునందలి అనేక కేంద్రముల పీడన, ఉష్ణోగ్రత, వర్షపాత లెక్కలను సేకరించి, కార్యాలయమునందలి భారతీయ గుమాస్తాలచే చేతితో గణింపజేసెను. కంప్యూటరు లేని ఆ కాలమున ఆ గణన యెంతటి శ్రమయో ఊహింపవచ్చును.

ఆ శ్రమకు ఫలముగ 1924లో వాకర్ ఒక వింతను ప్రకటించెను. పసిఫిక్ మహాసముద్రముపై వాయుపీడనము పెరిగినప్పుడు హిందూ మహాసముద్రముపై తగ్గును. ఇచ్చట పెరిగినప్పుడు అచ్చట తగ్గును. త్రాసు తట్టలవలె ఊగు ఈ చలనమునకు దక్షిణ ఆందోళనమని పేరిడెను. ఏ యొక్క సముద్రమును విడిగ చూచినవారికిని ఇది కనబడదు. దీనికి కారణమును 1969లో జాకబ్ బియెర్క్‌నెస్ వివరించెను: పసిఫిక్ సముద్రజలము వేడెక్కు ఎల్ నినో, గాలుల ఆందోళనము ఒకే వ్యవస్థ రెండు ముఖములు; నీరు గాలిని మార్చును, గాలి నీటిని మార్చును.

అయినను వాకర్ కోరినది మాత్రము పూర్తిగ చేకూరలేదు. 1997లో ఎల్ నినో మిక్కిలి బలముగనున్నను భారతదేశమున వానలు దీర్ఘకాలపు సగటునకు కొంచెము మించి 102 శాతము కురిసెను. 2002లో అంతకంటె బలహీనమైన ఎల్ నినో వచ్చినను వాన 81 శాతమునకు పడిపోయి కఱవు కలిగెను. కారణ మొక్కటి కాదు. అనేకము లల్లుకొనియుండుటయే యిందలి మర్మము.

ఇట్టి వ్యవస్థలయందు ఎంతవరకు ముందు చెప్పవచ్చునను ప్రశ్నకు అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో సమాధానము చెప్పెను. అంతకు రెండేండ్ల ముందు ఆయన కంప్యూటరుపై వాతావరణమును అనుకరించు లెక్కను తిరిగి చేయుచు, 0.506127 అను సంఖ్యకు బదులు 0.506 అని వేసెను. వేయింట ఒక వంతైనను లేని ఆ భేదము కొంతసేపటికి ఫలితమును పూర్తిగ మార్చివేసెను. నియమములు నిశ్చితములైనను, ఆరంభమునందలి సూక్ష్మభేదము పెరిగి పెరిగి వివరమును తెలియరానిదిగ చేయునని ఆయన నిరూపించెను. అంతమాత్రమున సర్వమును అనిశ్చితమని కాదు. 1981లో చార్నీ, జగదీశ్ శుక్లా అనువారు, రాబోవు నెలలో ఫలానా దినమున వాన పడునా లేదా అని చెప్పలేకపోయినను, ఋతువు మొత్తపు తీరును సముద్రజలపు ఉష్ణోగ్రతవంటి నెమ్మదిగ మారు కారణములను బట్టి కొంతవరకు ఊహింపవచ్చునని వాదించిరి. బిందువును గూర్చి చెప్పలేనిది ప్రవాహమును గూర్చి చెప్పవచ్చును. 2021లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతి సంక్లిష్ట భౌతిక వ్యవస్థల అవగాహనకు దోహదము చేసిన మనాబె, హాసెల్‌మన్, పరీసీ అను మువ్వురికి లభించుట ఈ శాస్త్రమునకు లభించిన గొప్ప గుర్తింపు. వీరిలో మొదటి ఇరువురును వాతావరణమును పరిశోధించినవారే.

పక్షుల గుంపు, నాణెముల పలక

మూడవవాడగు జార్జియో పరీసీ తన సహచరులతో రోము నగరముపై సంధ్యవేళ ఎగురు పక్షుల గుంపులను పరిశీలించెను. ఇవి గోరువంకల కుటుంబమునకు చెందిన స్టార్లింగులు. వేలకొలది పక్షులు ఒకే మేఘమువలె మెలికలు తిరుగును, నాయకపక్షి లేదు. ప్రతి పక్షియు తనకు సమీపమునందలి ఆరేడు పక్షులను మాత్రమే గమనించి తన గతిని దిద్దుకొనుచున్నదని 2008లో వెలువడిన వారి పరిశోధన తేల్చినది.

మనుష్య సమాజమున ఇట్టిదే జరుగునా అని విచారించినవారిలో థామస్ షెల్లింగ్ ప్రసిద్ధుడు. ఈ అర్థశాస్త్రజ్ఞుడు 1971లో ప్రకటించిన పరిశోధన చదరంగపు పలకవంటి గళ్లపై రెండు విధముల నాణెములతో చేసినది. ప్రతి నాణెమును ఒక కుటుంబమనుకొనిన, దాని కోరిక మిక్కిలి స్వల్పము: ఇరుగుపొరుగున మూడింట ఒక వంతో, అంతకు కొంచెము ఎక్కువో తనవంటివారుండిన చాలును. లేనిచో మఱియొక గడికి పోవును. ఇతరులను ద్వేషించు కుటుంబ మొక్కటియు లేదు. అయినను కొన్ని పర్యాయములు నాణెములను జరుపగానే పలక రెండు రంగుల పేటలుగ విడిపోవును. ప్రతి వ్యక్తి మనస్సులోనున్న స్వల్పమైన మొగ్గు మొత్తమునందు తీవ్రమైన విభజనగ పరిణమించెను. సమాజపు తీరును చూచి వ్యక్తుల హృదయమును నిర్ణయింపరాదనునది ఇందలి గుణపాఠము.

కుప్వార్ గ్రామము

భాష ఈ వ్యవస్థలలో ముఖ్యమైనది. ఏ వ్యాకర్తయు భాషను సృష్టింపలేదు. కోట్లకొలది సంభాషణలనుండి అది పుట్టినది. ఇందుకు మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో, కర్ణాటక సరిహద్దునకు చేరువనున్న కుప్వార్ అను గ్రామము గొప్ప సాక్ష్యము. 1971లో జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ అను భాషాశాస్త్రజ్ఞులు ఈ గ్రామమును గూర్చి తమ పరిశోధనను ప్రకటించిరి. ఆ యూర నాలుగు భాషలు కలవు. జైనులు, లింగాయతులు కన్నడము మాటాడుదురు, ముస్లిములు ఉర్దూ, హరిజనులు, భూమిలేని కూలీలు మరాఠీ, త్రాళ్లు పేను కొన్ని కుటుంబములవారు తెలుగు. పురుషులలో పెక్కుమంది ఒకటికంటె ఎక్కువ భాషలలో వ్యవహరింతురు. ఇంటిలో ఎవరి భాష వారిది.

కొన్ని శతాబ్దముల ఈ సహవాసమున ఆశ్చర్యకరమైన పరిణామము జరిగినది. కన్నడము, మరాఠీ, ఉర్దూ మూడును తమ తమ పదములను నిలుపుకొనినవి. వాక్యనిర్మాణము మాత్రము దాదాపు ఒక్కటైపోయినది. మరాఠీ, ఉర్దూలలో మంచమునకు, నదికిని సైతము స్త్రీపుంభేద ముండును. కుప్వార్‌లో ఆ రెండును కన్నడపు పద్ధతి నవలంబించి, మనుష్యేతరములకు ఆ భేదమును విడనాడినవి. సామాన్యపు ఉర్దూలో లేని మేము, మనము అను భేదము ఆ యూరి ఉర్దూలో నెలకొనినది. కన్నడమున లేకున్నను చెల్లు ‘ఉన్నది’ వంటి క్రియ, పొరుగు భాషలనుబట్టి అచ్చటి కన్నడవాక్యమున తప్పనిసరియైనది. ఒక భాషలోని వాక్యమును పదమునకు పదము మార్చిన చాలును, మఱియొక భాష వాక్యమగును. ఏ పండితసభయు దీనిని తీర్మానింపలేదు. ఇచ్చిపుచ్చుకొనుట అన్ని వైపులను సాగినది. ఏ యొక్క భాషయు తక్కినవానికి గురువు కాలేదు.

త్రాళ్లు పేనువారి తెలుగును ఆ పరిశోధకులు ఆ మూడింటివలె విశేషముగ విచారింపలేదు. కాని ఆ గ్రామము తెలుగువారికి చెప్పు విషయ మొకటి కలదు. పరభాషా ప్రాంతములందలి తెలుగును విని, ఇది చెడిన తెలుగని, కలగూరగంపయని పరిహసించుట పరిపాటి. ఇరుగుపొరుగు భాషల వాక్యరీతి చొరబడినంతమాత్రమున భాష చెడినట్లు కాదు. అది కూడ ఒక క్రమమే; తరతరముల సహజీవనమునుండి ఆవిర్భవించిన క్రమము. మాఱిన భాష బ్రదికియున్న భాష.

భాషల బలాబలములు

మాఱుట వేఱు, మాయమగుట వేఱు. రెండవదానిని గణితముతో పరిశీలించినవారు డానియెల్ ఎబ్రమ్స్, స్టీవెన్ స్ట్రోగాట్జ్. 2003లో వీరు పెరూ, బొలీవియా, స్కాట్లండు, వేల్స్, ఐర్లండు మున్నగు దేశములందలి 42 ప్రాంతముల లెక్కలను ఒక చిన్న సమీకరణముతో పోల్చి చూచిరి. మనుష్యుడు ఒక భాషను విడిచి మఱియొక భాషకు మరలుటకు కారణములు వారి లెక్కలో రెండే: ఆ రెండవ భాష మాటాడువారి సంఖ్య, ఆ భాషవలన లభించు గౌరవము లేక జీవనావకాశము. ఈ రెంటితోనే లెక్కించిన, పోటీపడు రెండు భాషలలో ఒకటి తుదకు అంతరించునని ఫలితము వచ్చినది.

ఈ ఫలితమును తుదితీర్పుగ గ్రహింపరాదు. ఆ సమీకరణమున ఒకే మనుష్యుడు రెండు భాషలు మాటాడుటకు చోటు లేదు. 2005లో మిరా, పరెడెస్ అను స్పెయిన్ శాస్త్రజ్ఞులు గలీషియా ప్రాంతపు లెక్కలతో ఆ చోటు కల్పించి చూచిరి. రెండు భాషలును కొంత దగ్గరివైనచో, ద్విభాషులు నిలుచుటయు, వారితోపాటు రెండు భాషలును నిలుచుటయు సాధ్యమని తేలినది. మొదటి పరిశోధకులును గౌరవము మార్పురానిది కాదనియు, విద్యవలన, ప్రభుత్వవిధానమువలన కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున ఫ్రెంచిభాష క్షీణత మందగించినదనియు తామే గుర్తుచేసిరి.

2011 జనాభా లెక్కల ప్రకారము తెలుగు మాతృభాషగ తెలిపినవారు తమిళనాడున సుమారు 42 లక్షలు, కర్ణాటకమున 35 లక్షలకు పైగ, మహారాష్ట్రమున 13 లక్షలు, ఒడిశాలో 7 లక్షలు. సంఖ్య స్వల్పము కాదు. కాని పై శాస్త్రము ప్రకారము మొత్తపు సంఖ్యకంటె ఇరుగుపొరుగు ముఖ్యము. నలుదిక్కుల తెలుగునేల యుండి, తెలుగు అధికార వ్యవహారములందును చెల్లు యానామున ఒక బాలుడు వీధిలోనికి పోయిన, వినబడునది తెలుగే. పరభాషానగరమున ఒంటరిగ నివసించు కుటుంబపు బాలునకు ఇల్లు తప్ప వేఱుచోట అది వినబడదు. భాష యొక్కటే; చుట్టునున్న గళ్లు వేఱు.

పెద్దలు తెలుగున అడుగగా పిల్లలు పరభాషలో బదులు చెప్పు ఇండ్లు నేడు అనేకములు. తెలుగును విడువవలెనని ఆ యిండ్లలో ఎవరును నిర్ణయింపలేదు. షెల్లింగ్ నాణెములలో ఏదియు విడిపోవలెనని కోరనట్లే. కావున పిల్లలను నిందించుటయు, తల్లిదండ్రులను నిందించుటయు శాస్త్రసమ్మతము కాదు. సభలు, తీర్మానములు గౌరవమును పెంచగలవు. అది కొంత మేలే. కాని మంటి ముద్ద ఉన్నచోటనే మఱియొక ముద్ద పడును. మాట వినబడినచోటనే మఱియొక మాట పుట్టును. ఒక వీధిలో పది ఇండ్లవారు సాయంకాలము తమలో తాము తెలుగున మాటాడుకొనిన, ఆ పిల్లలలో ఒకరితో నొకరు తెలుగున ఆడుకొనువారు కొందరైన ఏర్పడుదురు. ఏ ఇంటిలో భాష నిలుచునో, ఏ ఇంటిలో నిలువదో ఏ శాస్త్రజ్ఞుడును ముందుగ చెప్పలేడు. పది ఇండ్లు కలిసిన వీధిని గూర్చి మాత్రము కొంత చెప్పవచ్చును.

తాంబూలపు ఎఱుపు ఆకులో లేదు, వక్కలో లేదు, సున్నములో లేదు. మూడును నోట కలిసినంతసేపు మాత్రమే అది యుండును. భాషయు అట్టిదే.